పెరుగు గిన్నెలో కుడిచేతి వాటం అణువులు

రాత్రి గోరువెచ్చటి పాలలో చెంచాడు పెరుగు తోడు వేస్తే, తెల్లవారేసరికి గిన్నెలో గడ్డపెరుగు తయారవుతుంది. రుబ్బి ఉంచిన ఇడ్లీ పిండి పొద్దుటికి పొంగి, కాస్త పులుపెక్కుతుంది. ఈ పులుపుకు కారణం బ్యాక్టీరియా తయారుచేసే లాక్టిక్ ఆమ్లమని పాఠశాల పుస్తకాల్లోనే చదువుకుంటాం. అయితే ఆ బ్యాక్టీరియా పెరుగులోకి వదిలేది లాక్టిక్ ఆమ్లం ఒక్కటే కాదు. మన కణాలు ప్రొటీన్లు తయారుచేసుకునేటప్పుడు ఏమాత్రం దగ్గరకు రానివ్వని ఒక రకం అమైనో ఆమ్లాలను కూడా అవి కొద్దికొద్దిగా వదులుతుంటాయి. వాటినే డి-అమైనో ఆమ్లాలు అంటారు.

మనిషి వేల ఏళ్లుగా పులిసిన ఆహారం తింటున్నాడు. అంటే ఈ అణువులు కూడా వేల ఏళ్లుగా అతని కడుపులోకి వెళ్తూనే ఉన్నాయి. అయినా అవి మన ప్రొటీన్లలో ఎందుకు కలవడం లేదు? పనికిరానివే అయితే మెదడు వాటిలో ఒకదాన్ని సొంతంగా ఎందుకు తయారుచేసుకుంటుంది? మొండి క్షయకు ఇచ్చే ఒక మందుకూ, పెరుగులోని బ్యాక్టీరియా గోడకూ సంబంధమేమిటి? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు అణువు ఆకారంలో ఉంది.

ఎడమ చెప్పు, కుడి చెప్పు

ఒక జత చెప్పులను పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే కొలత, ఒకే తోలు, ఒకే కుట్టు. అయినా ఎడమ చెప్పు కుడి కాలికి సరిపోదు. అద్దంలో చూస్తే మాత్రం ఒకటి మరొకదాని ప్రతిబింబంలా కనిపిస్తుంది. అమైనో ఆమ్లాల సంగతీ అంతే. వాటి మధ్యలో ఒక కార్బన్ పరమాణువు ఉంటుంది. దానికి నాలుగు వైపులా నాలుగు వేర్వేరు గుంపులు అతుక్కుని ఉంటాయి: ఒక అమైన్ గుంపు, ఒక ఆమ్ల గుంపు, ఒక హైడ్రోజన్, ఒక పక్క గొలుసు. ఈ నాలుగింటినీ రెండు విధాలుగా అమర్చవచ్చు. ఒక అమరిక మరొకదానికి అద్దంలోని ప్రతిబింబం. వీటిలో ఒకదాన్ని ఎల్-రూపమని, రెండోదాన్ని డి-రూపమని పిలుస్తారు. లాటిన్ భాషలో ఎడమ, కుడి అనే మాటల నుంచి ఈ అక్షరాలు వచ్చాయి. ప్రొటీన్లలో వాడే 20 ప్రామాణిక అమైనో ఆమ్లాల్లో గ్లైసీన్ ఒక్కదానికే ఈ కుడి ఎడమల తేడా లేదు. దాని పక్క గొలుసు కూడా హైడ్రోజనే కావడం అందుకు కారణం.

అణువులకు ఇలాంటి చేతివాటం ఉంటుందని మొదట చూపినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్. ద్రాక్షసారా పీపాల్లో పేరుకునే టార్టారిక్ ఆమ్లానికీ, దాన్ని పోలిన మరో ఆమ్లానికీ మధ్య తేడా ఏమిటని ఆయన 1848లో పరిశోధించాడు. రెండో ఆమ్లం నుంచి తయారైన లవణ స్ఫటికాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, వాటిలో ఒకదానికొకటి ప్రతిబింబాలైన రెండు రకాలు కనిపించాయి. వాటిని చేత్తో ఒక్కొక్కటిగా ఏరి వేరుచేశాడు. విడివిడిగా నీటిలో కరిగించి ధ్రువిత కాంతిని పంపితే ఒక ద్రావణం ఆ కాంతి తలాన్ని కుడికి, మరొకటి ఎడమకు తిప్పింది. సగం సగం కలిపితే ఏ వైపుకూ తిప్పలేదు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు.

మన కణాల్లో ప్రొటీన్లను కూర్చేది రైబోజోమ్. అది ఎల్-రూపాలనే తీసుకుంటుంది. ప్రొటీన్ గొలుసు ఎలా మడతపడాలన్నది ఈ ఏకరూపత మీదే ఆధారపడి ఉంటుంది. గొలుసులోని లంకెలు ఏ కోణాల్లో తిరగగలవో 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు లెక్కగట్టి చూపారు. అదే నేడు ప్రపంచమంతా వాడుతున్న రామచంద్రన్ పటం. ఎల్-అమైనో ఆమ్లాలకు ఆ పటంలో అనుకూలమైన చోట్లు డి-అమైనో ఆమ్లాలకు తిరగబడతాయి. మెట్లన్నీ ఒకే వైపు తిరిగే మేడలో ఒక్క మెట్టు ఎదురు తిరిగితే నడక ఎలా తప్పుతుందో, గొలుసు మధ్యలో ఒక్క డి-రూపం చేరినా మడత అలాగే తప్పవచ్చు.

తోడులోని సూక్ష్మజీవుల గోడ

ఇక పెరుగు దగ్గరకు వద్దాం. తోడులో ఉండే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా అయినా, ఇడ్లీ పిండిని పొంగించే ల్యూకోనాస్టాక్ అయినా, దాదాపు ప్రతి బ్యాక్టీరియా చుట్టూ పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థంతో కట్టిన గట్టి కణకవచం ఉంటుంది. చక్కెర గొలుసులను చిన్న అమైనో ఆమ్ల గొలుసులతో అడ్డంగా కలిపి అల్లిన వల లాంటిదిది. ఆ అడ్డ గొలుసుల్లో ఎల్-రూపాలతో పాటు డి-గ్లుటామిక్ ఆమ్లం, డి-అలనీన్ ఉంటాయి. కొత్తగా తయారైన గొలుసు చివర డి-అలనీన్‌లు రెండు వరుసగా వస్తాయి.

బ్యాక్టీరియాకు ఇది రక్షణ. ప్రకృతిలో ప్రొటీన్లను తెగ్గొట్టే ఎంజైమ్‌లన్నీ దాదాపు ఎల్-రూపాల మధ్య బంధాలకే అలవాటు పడినవి. డి-రూపాలున్న చోట వాటి కత్తెర ఆడదు. ఈ డి-అలనీన్‌ను బ్యాక్టీరియా ఎక్కడి నుంచో తెచ్చుకోదు. అలనీన్ రాసిమేజ్ అనే ఎంజైమ్, విటమిన్ బి6 నుంచి వచ్చే ఒక సహాయక అణువు తోడ్పాటుతో ఎల్-అలనీన్‌నే అటూ ఇటూ తిప్పి డి-అలనీన్‌గా మారుస్తుంది.

కణం పెరిగే కొద్దీ గోడను విప్పి మళ్లీ అల్లాలి. రెండు గొలుసులను అతికించేటప్పుడు చివరి డి-అలనీన్ ఊడిపోతుంది. కాలం తీరిన బ్యాక్టీరియా కణాలు పగిలినప్పుడు గోడ ముక్కలు, లోపలి అమైనో ఆమ్లాలు బయటపడతాయి. పెరుగు, జున్ను, పులియబెట్టిన కూరగాయలు, వెనిగర్ వంటి వాటిలో డి-అలనీన్, డి-గ్లుటామిక్ ఆమ్లం, డి-అస్పార్టిక్ ఆమ్లం కనిపించడానికి ముఖ్య కారణం ఇదే. పులియని పచ్చి పాలలో కూడా ఇవి స్వల్పంగా ఉంటాయి. ఆవు, గేదె వంటి నెమరువేసే పశువుల మొదటి పొట్ట సూక్ష్మజీవులతో నిండి ఉంటుంది, అక్కడి నుంచి కొంత రక్తంలోకి, ఆపై పాలలోకి చేరుతుంది.

సోయా గింజలను పులియబెట్టే పద్ధతుల్లో మరో ఉదాహరణ ఉంది. జపాన్ నాటోలో, మన దేశ ఈశాన్య ప్రాంతంలోనూ హిమాలయాల తూర్పు వైపునా తినే కినేమా, హవాయ్‌జార్, తుంగ్రింబాయ్ వంటి వంటకాల్లో పనిచేసేది బాసిల్లస్ సబ్‌టిలిస్, దాని దగ్గరి చుట్టాలు. నాటో గింజను చెంచాతో ఎత్తితే తీగలా సాగే జిగట వస్తుంది. వందల వేల గ్లుటామిక్ ఆమ్ల అణువులు ఒకదానికొకటి అతుక్కున్న పొడవైన గొలుసే ఆ జిగట. ఆ గొలుసులో ఎల్-రూపం, డి-రూపం రెండూ ఉంటాయి. ఇదే కుటుంబానికి చెందిన ఆంత్రాక్స్ బ్యాక్టీరియా, పశువులకు దొమ్మ రోగం తెచ్చేది, తన చుట్టూ అచ్చంగా డి-గ్లుటామిక్ ఆమ్లంతోనే తొడుగు వేసుకుంటుంది. మన రోగనిరోధక కణాలు ఆ తొడుగును సులువుగా ఛేదించలేవు. ఒకే రకం అణువు ఒక చోట ఆహారపు జిగట, మరో చోట రోగకారకానికి కవచం.

నాలుకకు తెలిసిన తేడా

కుడి ఎడమల తేడాను ప్రయోగశాల పరికరాలే కాదు, నాలుక కూడా పట్టేసింది. 1886లో ఇటలీ రసాయన శాస్త్రవేత్త ఆర్నాల్డో పియుట్టి ఆస్పరజీన్ అనే అమైనో ఆమ్లపు రెండో రూపాన్ని వేరుచేశాడు. మామూలు ఆస్పరజీన్‌కు చెప్పుకోదగ్గ రుచి లేదు. కొత్తగా దొరికిన రూపం తియ్యగా ఉంది. రెండింటిలోనూ అవే పరమాణువులు, అవే బంధాలు. ఈ వార్త విన్న పాశ్చర్, రుచిని గ్రహించే నరాల పదార్థానికే ఒక చేతివాటం ఉండాలని ఊహించాడు. నాలుక మీది రుచి గ్రాహకాలు కూడా ఎల్-అమైనో ఆమ్లాలతో కట్టిన ప్రొటీన్లేనని ఆ తర్వాత తేలింది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఎల్-ట్రిప్టోఫాన్ చేదు, డి-ట్రిప్టోఫాన్ చక్కెర కంటే ఎన్నో రెట్లు తీపి. లూసీన్, ఫెనైల్ అలనీన్‌ల విషయంలోనూ ఎల్-రూపం చేదు, డి-రూపం తీపి. గ్లుటామిక్ ఆమ్లం దీనికి భిన్నం. టేస్టింగ్ సాల్ట్‌గా అమ్మే మోనోసోడియం గ్లుటామేట్ ఎల్-రూపమే, దాని డి-రూపానికి ఆ కమ్మటి రుచి లేదు. పులిసిన ఆహారపు రుచిలో ప్రధాన పాత్ర ఆమ్లాలది, ఎల్-అమైనో ఆమ్లాలది, సువాసన పదార్థాలది. డి-అలనీన్ వంటివి దానికి కాస్త తీపిని జోడించగలవు.

తిన్న తరువాత

పెరుగన్నంతో పాటు లోపలికి వెళ్లిన డి-అలనీన్ ఏమవుతుంది? విడిగా ఉన్న అణువులు పేగుల్లోంచి కొంత రక్తంలోకి వెళ్తాయి. రక్తంలో చేరిన వాటిని పట్టుకునే ఎంజైమ్ ఒకటి మూత్రపిండాల్లో, కాలేయంలో దండిగా ఉంటుంది. పేరు డి-అమైనో ఆమ్ల ఆక్సిడేజ్. 1935లో దీన్ని గుర్తించినవాడు హాన్స్ క్రెబ్స్. తరువాత సిట్రిక్ ఆమ్ల చక్రాన్ని కనుగొని నోబెల్ బహుమతి అందుకున్న క్రెబ్స్ ఈయనే. ఈ ఎంజైమ్ డి-రూపాన్ని విరగ్గొట్టి, చేతివాటం లేని మరో అణువుగా మారుస్తుంది. ఆ అణువును శరీరం శక్తికి వాడుకోవచ్చు. మిగిలిన కొంత డి-రూపం మూత్రంతో బయటకు పోతుంది. మూత్రపిండాల పనితీరు తగ్గే కొద్దీ రక్తంలో డి-సెరీన్ పెరుగుతుంది కాబట్టి, మూత్రపిండ వ్యాధిని పసిగట్టే సూచికగా దాన్ని వాడే అవకాశం మీద పరిశోధనలు సాగుతున్నాయి.

క్రెబ్స్ ఈ ఎంజైమ్‌ను గుర్తించిన కాలంలో జంతువుల్లో డి-అమైనో ఆమ్లాలు ఉంటాయని ఎవరూ అనుకోలేదు. లేని సరుకుకు ఇంత పెద్ద గిర్నీ ఎందుకన్నది చాలాకాలం చిక్కుముడిగానే ఉండిపోయింది. జవాబులో ఒక భాగం మన పేగుల్లోనే ఉంది. అక్కడ కాపురముండే కోట్లాది బ్యాక్టీరియా నిత్యం డి-అమైనో ఆమ్లాలను వదులుతుంటాయి. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకల్లో వీటి మోతాదు బాగా తక్కువ. పేగు గోడ కూడా ఈ ఆక్సిడేజ్‌ను తయారుచేస్తుందని 2016లో ప్రచురితమైన ఎలుకల అధ్యయనం చూపింది. డి-అమైనో ఆమ్లాలను ఈ ఎంజైమ్ విరగ్గొట్టినప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. అది కలరా క్రిమి వంటి వాటిని దెబ్బతీస్తుంది. బ్యాక్టీరియా వదిలిన అణువునే పట్టుకుని, దాని మీదికే ఆయుధంగా మార్చడమన్నమాట.

ప్రొటీన్ కర్మాగారం గుమ్మం దగ్గర

రక్తంలో ఉన్న కాస్త డి-రూపం కణాల లోపలికీ చేరుతుంది. అప్పుడు అసలు ప్రమాదం ప్రొటీన్ తయారయ్యే చోట. అమైనో ఆమ్లాలను రైబోజోమ్ దగ్గరకు మోసుకొచ్చేవి టీ-ఆర్ఎన్ఏలు. ఏ అమైనో ఆమ్లాన్ని ఏ టీ-ఆర్ఎన్ఏకు తగిలించాలో చూసే ఎంజైమ్‌లు చాలావరకు ఎల్-రూపాన్నే ఎంచుకుంటాయి. కానీ పొరపాట్లు జరుగుతాయి. టైరోసిన్ విషయంలో డి-రూపం కూడా టీ-ఆర్ఎన్ఏకు అతుక్కోగలదని, అలా అతుక్కున్న దాన్ని ఊడదీసే ఎంజైమ్ ఒకటి ఉందని 1967లో రిచర్డ్ క్యాలెండర్, పాల్ బర్గ్ గుర్తించారు. దాని సంక్షిప్త నామం డీటీడీ. బ్యాక్టీరియా నుంచి మనిషి దాకా ఇది ఉంది. ఇది లేని ఈ-కోలై బ్యాక్టీరియా డి-టైరోసిన్ ఉన్న చోట పెరగడానికి ఇబ్బంది పడుతుంది.

ఈ కాపలాదారు పనితీరును పరమాణు స్థాయిలో విప్పి చూపిన పరిశోధన హైదరాబాద్‌లోని సీసీఎంబీలో జరిగింది. అక్కడి శాస్త్రవేత్త రాజన్ శంకరనారాయణన్ బృందం మలేరియా పరాన్నజీవి డీటీడీని, డి-టైరోసిన్ అతికించిన టీ-ఆర్ఎన్ఏ కొసను పోలిన అణువుతో కలిపి స్ఫటికంగా మార్చి, ఎక్స్-కిరణాలతో దాని నిర్మాణాన్ని తేల్చింది. 2013లో వెలువడిన ఆ పరిశోధన ప్రకారం, ఎంజైమ్‌లోని ఒక భాగం పక్క భాగపు గుంటలోకి చొచ్చుకొచ్చి, ఎల్-రూపానికి చోటు లేకుండా చేస్తుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. డీటీడీ డి-రూపాన్ని గుర్తుపట్టి పిలవదు, ఎల్-రూపాన్ని బయటికి నెట్టేస్తుంది, అంతే. బస్సు తలుపు దగ్గర నిలబడి ఒక్క రకం టికెట్ ఉన్నవారిని మాత్రమే దించేసి, మిగతా అందరినీ ఎక్కనిచ్చే కండక్టర్ లాంటిది దీని తీరు. అందుకే కుడి ఎడమలు లేని గ్లైసీన్ కూడా లోపలికి వెళ్లి అనవసరంగా తెగిపోయే ప్రమాదం ఏర్పడుతుంది. టీ-ఆర్ఎన్ఏలను రైబోజోమ్ దగ్గరకు చేర్చే ఈఎఫ్-టీయూ అనే ప్రొటీన్ గ్లైసీన్‌ను మోస్తున్న వాటిని ముందే పట్టుకుని కాపాడుతుందని అదే బృందం 2016లో చూపింది. జన్యు సందేశం తప్పుల్లేకుండా ప్రొటీన్‌గా మారే తీరుపై చేసిన కృషికి శంకరనారాయణన్ 2020లో ఇన్ఫోసిస్ బహుమతి అందుకున్నారు.

పెరుగులోని డి-అలనీన్ మన కండరంలోనో, రక్తంలోని హిమోగ్లోబిన్‌లోనో కలవకుండా ఉండటానికి ఇదీ కారణం. తగిలించే ఎంజైమ్‌ల ఎంపిక, మోసే ప్రొటీన్ ఎంపిక, రైబోజోమ్ ఎంపిక, అన్నిటినీ తప్పించుకున్న దాన్ని ఊడదీసే డీటీడీ. ఒకదాని వెనుక ఒకటిగా ఇన్ని గుమ్మాలు దాటితే గానీ తప్పు జరగదు.

కప్ప చర్మంలో, రొయ్య కండలో

అయితే కొన్ని జంతువుల్లో డి-అమైనో ఆమ్లం ఉన్న చిన్న ప్రొటీన్లు నిజంగానే దొరికాయి. దక్షిణ అమెరికా చెట్టుకప్ప ఫిల్లోమెడూసా చర్మం నుంచి 1981లో ఇటలీ శాస్త్రవేత్తలు డెర్మార్ఫిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. ఏడు అమైనో ఆమ్లాల ఈ గొలుసు నొప్పిని అణచడంలో మార్ఫిన్ కంటే శక్తిమంతమైనది. దాని రెండో స్థానంలో ఉన్నది డి-అలనీన్. అక్కడ ఎల్-అలనీన్ పెట్టి తయారుచేస్తే ఆ శక్తి దాదాపు పోతుంది.

అంటే కప్పలో కాపలా తప్పిందా? లేదు. కప్ప జన్యువులో ఆ చోట మామూలు ఎల్-అలనీన్‌కే సంకేతం ఉంది. రైబోజోమ్ కూర్చేదీ ఎల్-రూపంతోనే. గొలుసు తయారయ్యాక మరో ఎంజైమ్ వచ్చి ఆ ఒక్క లంకెను తిప్పుతుంది. కొన్ని నత్తల, సాలీళ్ల విషాల్లోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది.

రొయ్యలు, పీతలు, ఆల్చిప్పల వంటి జలచరాలు డి-అలనీన్‌ను ప్రొటీన్లలో కలపకుండా విడిగానే నిల్వచేసుకుంటాయి. చుట్టూ ఉన్న నీటిలో ఉప్పు పెరిగితే వాటి కణాల్లోంచి నీరు బయటకు లాగేయబడుతుంది. అప్పుడు అలనీన్ రెండు రూపాలనూ పెంచుకుని కణంలోని గాఢతను సరిచేసుకుంటాయి. సముద్రపు పోటు, నదుల మంచినీరు కలిసే చోట బతికే జీవులకు ఈ సర్దుబాటు ప్రాణావసరం. చీకట్లో మెరిసే మిణుగురు పురుగు వెలుగుకు ఆధారమైన లూసిఫెరిన్ కూడా డి-సిస్టీన్ నుంచి వచ్చే రూపంలో ఉంటేనే వెలుగునిస్తుంది.

మెదడు తయారుచేసుకునే డి-సెరీన్

ఎల్, డి రూపాలను వేరుచేసి కొలిచే పద్ధతులు మెరుగయ్యే వరకు వీటిలో చాలా సంగతులు బయటపడలేదు. మామూలు విశ్లేషణలో రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. 1992లో జపాన్ శాస్త్రవేత్తలు ఎలుక మెదడులో డి-సెరీన్ గణనీయంగా ఉందని చూపినప్పుడు అది జీవశాస్త్రంలో పెద్ద ఆశ్చర్యం. ఆహారం నుంచో, పేగు బ్యాక్టీరియా నుంచో వచ్చి ఉంటుందని సర్దిచెప్పుకోవడానికి కూడా ఎక్కువ కాలం వీల్లేకపోయింది. ఎల్-సెరీన్‌ను డి-సెరీన్‌గా మార్చే ఎంజైమ్ మెదడులోనే ఉందని అమెరికాలో సోలమన్ స్నైడర్ ప్రయోగశాలలో పనిచేసిన హెర్మన్ వోలోస్కర్, సహచరులు 1999లో నిరూపించారు.

దాని పని ఏమిటి? జ్ఞాపకం, నేర్చుకోవడం వంటి పనుల్లో కీలకమైన గ్రాహకం ఒకటి నాడీకణాల మీద ఉంటుంది. దాన్ని ఎన్ఎండీఏ గ్రాహకం అంటారు. బ్యాంకు లాకర్‌కు రెండు తాళాలు ఉన్నట్టే దీనికీ రెండు చోట్ల అణువులు కుదురుకోవాలి. ఒక చోట ఎల్-గ్లుటామేట్. రెండో చోట గ్లైసీన్ గానీ, డి-సెరీన్ గానీ. చాలా నాడీ సంధుల్లో ఆ రెండో తాళం చెవి డి-సెరీనే.

స్కిజోఫ్రీనియాలో ఈ గ్రాహకం పని మందగిస్తుందన్న ఆలోచనతో డి-సెరీన్‌ను, దాన్ని విరగ్గొట్టే ఆక్సిడేజ్‌ను అడ్డుకునే పదార్థాలను రోగులపై పరీక్షించారు. ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా లేవు. పైగా ఎక్కువ మోతాదులో డి-సెరీన్ ఎలుకల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కాబట్టి మెదడుకు అవసరమైన పదార్థమే కదా అని బయట నుంచి తెచ్చి వేసుకునే వస్తువు కాదిది. ఎక్కడ తయారవ్వాలో అక్కడ, ఎంత ఉండాలో అంత ఉన్నప్పుడే అది మేలు చేస్తుంది.

మందుల గురి ఈ గోడే

మన కణాలకు గోడ లేదు, డి-అలనీన్ జంట అవసరమూ లేదు. బ్యాక్టీరియాకు రెండూ కావాలి. మనిషికి హాని చేయకుండా క్రిమిని మాత్రమే చంపడానికి ఇంతకంటే మంచి చోటు దొరకడం కష్టం. పెన్సిలిన్ ప్రాణాలు కాపాడేది ఈ చోటనే దెబ్బకొట్టి. గోడను అతికే ఎంజైమ్‌కు పెన్సిలిన్ అణువు, గొలుసు చివరి డి-అలనీన్ జంటలా కనిపిస్తుందని 1965లో డొనాల్డ్ టిప్పర్, జాక్ స్ట్రోమింగర్ వివరించారు. ఎంజైమ్ మోసపోయి దాన్ని పట్టుకుంటుంది, ఇక వదలలేదు. గోడ అల్లిక ఆగిపోయి బ్యాక్టీరియా పగిలిపోతుంది.

ఆసుపత్రుల్లో మొండి ఇన్ఫెక్షన్లకు వాడే వాంకోమైసిన్ మరో దారిలో వెళ్తుంది. అది నేరుగా ఆ డి-అలనీన్ జంటకే టోపీలా అతుక్కుంటుంది. దశాబ్దాల పాటు ఈ మందుకు ఎదురులేదు. 1980ల చివర్లో ఎంటరోకాకస్ బ్యాక్టీరియా దీన్ని తట్టుకోవడం బయటపడింది. అవి చేసిన మార్పు చాలా చిన్నది. గొలుసు కొసన ఉన్న డి-అలనీన్‌కు బదులు డి-లాక్టిక్ ఆమ్లాన్ని పెట్టుకున్నాయి. దాంతో ఒకే ఒక్క హైడ్రోజన్ బంధం తప్పి, మందు అతుక్కునే పట్టు సుమారు వెయ్యో వంతుకు పడిపోయింది. యాంటీబయాటిక్స్‌ను అవసరం లేకుండా, సగం సగం వాడితే ఇలాంటి మార్పులున్న క్రిములకే మనం దారి వేసినట్టు.

మన దేశానికి మరింత దగ్గరైన ఉదాహరణ క్షయ. మామూలు మందులకు లొంగని క్షయకు ఇచ్చే మందుల్లో సైక్లోసెరీన్ ఒకటి. దీని ఆకారం డి-అలనీన్‌ను పోలి ఉంటుంది. ఎల్-అలనీన్‌ను తిప్పే రాసిమేజ్‌ను, రెండు డి-అలనీన్‌లను కలిపే మరో ఎంజైమ్‌ను రెండింటినీ ఇది అడ్డుకుంటుంది. క్షయ క్రిమికి గోడ కట్టుకునే సరుకే దొరకదు. అయితే ఇదే మందు మెదడులోని ఎన్ఎండీఏ గ్రాహకంలో డి-సెరీన్ కూర్చునే చోట కూడా కుదురుకోగలదు. సైక్లోసెరీన్ వాడే కొందరిలో దిగులు, కలవరం, మూర్ఛ వంటి దుష్ప్రభావాలు కనిపిస్తాయి. అందుకే వైద్యులు మోతాదును జాగ్రత్తగా చూస్తూ, తోడుగా విటమిన్ బి6 ఇస్తారు. రోగి ప్రవర్తనలో మార్పు కనిపిస్తే ఇంట్లోవాళ్లు మందు మానేయించకుండా వెంటనే వైద్యునికి చెప్పడం ముఖ్యం. మధ్యలో ఆపేస్తే క్రిమి మరింత మొండికేస్తుంది.

కాలం తిప్పే లంకెలు

ఎంజైమ్ సాయం లేకుండా కూడా ఎల్-రూపం మెల్లగా డి-రూపంగా మారుతుంది. ఎక్కువ వేడి, క్షారం దీన్ని వేగవంతం చేస్తాయి. క్షారంతో గట్టిగా శుద్ధి చేసిన ప్రొటీన్ల జీర్ణశక్తి తగ్గడానికి ఇదొక కారణం. శరీర ఉష్ణోగ్రత దగ్గర ఈ మార్పు అతి నెమ్మదిగా, ముఖ్యంగా అస్పార్టిక్ ఆమ్లంలో జరుగుతుంది. చాలా ప్రొటీన్లు ఎప్పటికప్పుడు విరిగి కొత్తవి వస్తుంటాయి కాబట్టి దీని జాడ మిగలదు. పంటి గట్టి భాగాల్లో, కంటి కటకం నడుమ భాగంలో ఉన్న ప్రొటీన్లు మాత్రం పుట్టుక నాటివే జీవితాంతం ఉండిపోతాయి. 60 ఏళ్ల వయసుకు అలాంటి ప్రొటీన్లలోని అస్పార్టిక్ ఆమ్లంలో దాదాపు 8 శాతం డి-రూపంలోకి మారుతుందని 1970ల మధ్యలో లెక్కగట్టారు.

ఈ లెక్క పనికొచ్చేదే. గుర్తుతెలియని మృతదేహం వయసును పంటి ద్వారా అంచనా వేయడానికి నేర పరిశోధనలో దీన్ని వాడుతున్నారు. ఆర్కిటిక్ సముద్రంలోని బోహెడ్ తిమింగలాల కంటి కటకాలను ఇలాగే పరీక్షించినప్పుడు కొన్నిటి వయసు నూరేళ్లు దాటిందని 1999లో తేలింది. ఒకదాని వయసును 200 ఏళ్లకు పైనే అంచనా వేశారు. కటకం ప్రొటీన్లలో ఈ తిరుగుళ్లు పేరుకోవడం వాటి మడత చెడి ఒకదానికొకటి అంటుకోవడానికి దోహదం చేస్తుంది. కంటిశుక్లం ఏర్పడటంలో దాని పాత్ర మీద జపాన్‌లో చాలా పరిశోధన జరిగింది.

దేని చోటు దానిదే

ఒకప్పుడు శాస్త్రవేత్తలు డి-అమైనో ఆమ్లాలను ప్రకృతి పక్కన పెట్టేసిన సరుకుగా భావించారు. ఇప్పుడు తెలిసినది వేరు. బ్యాక్టీరియాకు అవి గోడలో ఇటుకలు. మెదడుకు సంకేతాలు. రొయ్యకు ఉప్పునీటిని తట్టుకునే సాధనం. జీవం ఒప్పుకోనిది వాటిని ప్రొటీన్ కర్మాగారంలో కలపడం ఒక్కటే. అందుకే అక్కడ అన్ని కాపలాలు.

పెరుగులో, ఇడ్లీ పిండిలో ఉండే కొద్దిపాటి డి-అమైనో ఆమ్లాల గురించి ఆరోగ్యవంతులు భయపడనక్కర్లేదు. వాటిని విరగ్గొట్టే ఎంజైమ్ మన మూత్రపిండాల్లో సిద్ధంగా ఉంది. అలాగని వాటిని మాత్రల రూపంలో కొని వేసుకోనక్కర్లేదు కూడా. రేపు పొద్దున గిన్నె మూత తీసినప్పుడు కనిపించే గడ్డపెరుగులో కోట్లాది చిన్న గోడలున్నాయి. వాటిలోని కుడిచేతి వాటం ఇటుకే పెన్సిలిన్‌కు గురి చూపించింది. క్షయ మీద ఇవాళ్టి పోరాటంలోనూ ఆ గురి చెక్కుచెదరలేదు. దాన్ని రేపటి రోగులకు మిగల్చాలంటే మాత్రం, మందులను వైద్యుడు చెప్పినంత కాలం, చెప్పిన మోతాదులో వాడే జాగ్రత్త మన చేతిలోనే ఉంది.